పోయొస్తా అనగూడని చోటు

దయ్యాలను నేను నమ్మను. ఇందులో నా ధైర్యమేమీ లేదు, నా ఉద్యోగం అలాంటిది. తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో మైక్రోబయాలజీ ల్యాబు నాది. పొద్దస్తమానం కంటికి కనబడని వాటితోనే పని. కాకపోతే నావి ప్లేటులో పెడితే మర్నాటికి మొలుస్తాయి, రంగు వేస్తే కనబడతాయి. మొలవనివాటి గురించి ఎవరైనా చెప్పబోతే మర్యాదకు తలూపుతాను, అంతే. ఇప్పుడు నేను చెప్పేదానికి మీరూ అలాగే తలూపవచ్చు, నేనేమీ అనుకోను.

తొంభైల చివర్లో నేను ఉద్యోగంలో కొత్తగా చేరాను. అప్పుడు మా ఎముకల వార్డులో మునస్వామి అని ఒక పెద్దాయన ఉండేవాడు. పాకాల వైపు పల్లె, బెల్లం వండే కుటుంబం. గానుగ దగ్గర జారిపడి తొడ ఎముక విరిగితే రాడ్డు వేశారు. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ కుట్ల దగ్గర చీము పట్టింది.

ఆ చీములో పెరిగింది అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా. బయట తిరిగే ఆరోగ్యవంతుల జోలికి ఇది పెద్దగా రాదు. ఆసుపత్రుల్లో మకాం వేసి, కోతపడినవాళ్లనీ నీరసపడినవాళ్లనీ పట్టుకుంటుంది. పట్టుకుంటే వదిలించడం కష్టం.

ఏ మందుకు లొంగుతుందో తెలుసుకోవడానికి మేం చేసే పని చాలా మామూలుది. ప్లేటు నిండా బ్యాక్టీరియాను పరిచి, దాని మీద రకరకాల మందులు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఏమీ మొలవని ఖాళీ వలయం వస్తుంది. మునస్వామి ప్లేటులో ఏ బిళ్ల చుట్టూ వలయం రాలేదు, ఒక్క కొలిస్టిన్ చుట్టూ తప్ప. మూత్రపిండాలకు చేటని డాక్టర్లు ఎప్పుడో మూలన పడేసిన పాత మందు అది. పైగా ఆ వలయానికి చీర జరీలాగా సన్నటి గోధుమరంగు అంచు. అలాంటిది నేను పుస్తకాల్లో కూడా చూడలేదు. మా పెద్ద డాక్టరు ఎవరినో పట్టుకొని ఆ మందు చెన్నై నుంచి తెప్పించారు. పెద్దాయన గట్టెక్కాడు.

ఆయన ఇంటికి వెళ్లే రోజు ఆఖరి శాంపిల్ కోసం నేనే వార్డుకు వెళ్లాను. ఆయన దగ్గర ఎప్పుడూ బెల్లం పాకం వాసన. అన్నాళ్లు మంచంలో ఉన్నా ఆ వాసన పోలేదు. ఎడమ చెవి తమ్మె చీలి రెండు ముక్కలుగా వేలాడుతుండేది, చిన్నప్పుడు పోగు తెగిందట. కర్ర పట్టుకొని లేచి, నాకూ రాజేశ్వరి సిస్టరుకూ దణ్ణం పెట్టి, "పోయొస్తానమ్మా" అన్నాడు.

సిస్టరు గయ్యిమంది. "తాతా, ఆస్పత్రిలో ఆ మాట అనగూడదు. మళ్లా రావాలనా?"

పెద్దాయన నాలుక కరుచుకున్నాడు. "అలవాటు తల్లీ. నోట్లోనించి వచ్చేసినాది, యాం జేసేది?"

మా వైపు గడప దాటేవాళ్లెవరూ పోతున్నా అనరు. అంటే చచ్చిపోయినంత పని. పోయొస్తా అనాలి. కానీ ఆసుపత్రిలోనూ చావింట్లోనూ ఆ మాట అనకూడదు. అక్కడ మౌనంగా లేచి వచ్చేయాలి. నాకు ఆ వాదన విని నవ్వొచ్చింది. ముగ్గురం నవ్వుకున్నాం. అంటు భయంతో ఆయన్ను విడిగా ఉంచిన ఆ గదిలో ఉన్నది మేం ముగ్గురమే.

మరుసటి ఏడు ఆయన కొడుకు ఒక బెల్లం దిమ్మ తెచ్చిచ్చి, నాయన నిద్రలోనే పోయినాడని చెప్పాడు. అప్పటికి ఆ బ్యాక్టీరియా మా వార్డులో కనబడడం మానేసింది. వింత జరీ అంచు కదా అని దాన్ని ఒక చిన్న గాజు గొట్టంలో దాచి, మూతకు మైనం పట్టించి, సొరుగులో పెట్టుకున్నాను. ఆ తర్వాత దాని సంగతే మరిచిపోయాను.

పదేళ్లు దాటాయి. మా తమ్ముడు శీనా, చెన్నై దారిలో ఉన్న శ్రీ సిటీ పారిశ్రామికవాడలో కొత్తగా పెట్టిన ఒక ఫ్యాక్టరీలో చేరాడు. సూళ్లూరుపేటలో గది తీసుకొని బండి మీద వెళ్లివచ్చేవాడు. ఒకరోజు డ్యూటీ దిగి వస్తుంటే లారీ తగిలింది. కుడికాలు మోకాలి కింద నుజ్జయింది. దగ్గరని చెన్నై తీసుకెళ్లి ఆపరేషన్ చేయించారు. అక్కడ జ్వరం, చీము. ఏ మందుకూ తగ్గడం లేదని చెప్పారు. చెన్నైలో నేను చేయగలిగింది ఏముంది, నా కళ్ల ముందైనా ఉంటాడని అంబులెన్సులో తిరుపతికి తెచ్చుకున్నాను.

ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. వాడికి మా వార్డులో మంచం ఇవ్వకముందే, స్ట్రెచర్ మీద ఉండగానే కట్టు విప్పించి చీము శాంపిల్ తీశాను. మా ఆసుపత్రి గాలి కూడా ఆ పుండుకు సోకలేదు.

మా సర్జన్ మంచివాడు, నాన్చే మనిషి కాదు. చెడు పైకి పాకుతోందనీ, జ్వరం దిగకపోతే మోకాలి పైదాకా తీసేయాల్సి వస్తుందనీ అమ్మ ముందే చెప్పేశాడు. వాడికి ఇరవై ఆరు. అమ్మ తిరుచానూరు అమ్మవారికి ముడుపు కట్టి, కుర్చీలోంచి కదలకుండా కూర్చుంది. "కాలు పోతే పోనీలేమ్మే, బిడ్డ ఉండాలి" అంటుంది. మళ్లీ తనే, "వాడు కబడ్డీ ఆడతాడు గదే" అని ఏడుస్తుంది. నేను ల్యాబుకు పోయి ఆ శాంపిల్ ప్లేటు మీద పరిచి బిళ్లలు పెట్టాను.

మర్నాడు పొద్దున ప్లేటు తెరిచాను. బిళ్లల చుట్టూ వలయాల్లేవు. కొలిస్టిన్ చుట్టూ ఒక్కటే వలయం. దానికి సన్నటి గోధుమరంగు జరీ అంచు.

పాత పరిచయస్థుణ్ణి బస్టాండులో చూసి పేరు గుర్తురాక నిలబడినట్టు నిలబడ్డాను. తర్వాత పరుగెత్తాను. మూత్రపిండాల భయం ఉందని సర్జన్ వెనకాడితే, ఇదే బ్యాక్టీరియాను ఇదే మందుతో ఈ ఆసుపత్రిలోనే ఒకసారి దించామని గట్టిగా చెప్పాను. ఇదే అని ఎలా చెప్పగలవని ఆయన అడిగాడు. నా దగ్గర రుజువు లేదు. ఇదేనని మాత్రం తెలుసు. ఆయన నా మొహం చూసి ఒప్పుకున్నాడు.

ఇన్ఫెక్షన్ ఇంకొకరికి అంటకుండా శీనాను విడిగా ఒక గదిలో పెట్టారు. అందులో ఒకటే మంచం. మందు మొదలుపెట్టిన మధ్యాహ్నం జ్వరం మత్తులో వాడు కళ్లు మూసుకునే, "అక్కా, బెల్లం యాడ కాస్తా ఉండారు?" అన్నాడు. క్యాంటీన్లో పాయసం ఏదో చేస్తున్నారనుకున్నాను. మర్నాడు, పక్కమంచం పెద్దాయన తన కాలు పట్టుకొని చూస్తా ఉండాడన్నాడు. పక్కన మంచమే లేదు. అంత జ్వరంలో మనుషులు ఇంతకంటే వింతవే మాట్లాడతారు, నేను చాలా విన్నాను. ఆ వారంలోనే జ్వరం దిగింది. పుండు ఎర్రబారి కొత్త కండ పట్టింది. కాలు నిలిచింది. అమ్మ సర్జన్ కాళ్ల మీద పడబోతే ఆయన రెండడుగులు వెనక్కి గెంతాడు.

ఇక నా లోపలి పురుగు ఊరుకుంటుందా? సొరుగు తీసి వెతికాను. పాత గొట్టం ఉంది, మైనం చెక్కుచెదరలేదు. నా క్లాస్‌మేట్ ప్రసాద్ హైదరాబాదులో ఒక పరిశోధనశాలలో ఉండేవాడు. బ్యాక్టీరియా జన్యువు మొత్తాన్ని అక్షరం అక్షరం చదివే యంత్రాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. మునస్వామిదీ శీనాదీ రెండూ వాడికి పంపాను. ఏది ఎవరిదో చెప్పలేదు.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి. బ్యాక్టీరియాకు మందును తట్టుకునే విద్య జన్యువుల్లో రాసి ఉంటుంది. ఆ విద్య ఒకటి నేర్చుకుంటే పక్కింటికి పెరుగు తోడు ఇచ్చినట్టు ఇంకొకదానికి ఇచ్చేస్తుంది. కొత్తవి తెచ్చుకుంటుంది, అక్కర్లేనివి పారేస్తుంది. అదీగాక, ఒకటి రెండయ్యేటప్పుడు రాతలో చిన్నచిన్న తప్పులు దొర్లుతుంటాయి. మనుషుల్లో తిరిగే బ్యాక్టీరియాకు పదేళ్లంటే ఎన్ని తరాలో లెక్కే లేదు. ఒకే వంశమైనా ఈసరికి రాత చాలాచోట్ల మారిపోయి ఉండాలి.

ప్రసాద్ ఫోన్ చేసి విసుక్కున్నాడు. "ఒకే ట్యూబు రెండుసార్లు పంపినావేమ్మే? నాకేం పనిలేదనుకున్నావా?"

దాదాపు నలభై లక్షల అక్షరాలు. ఒక్కటి కూడా తేడా లేదు.

కల్తీ అయిందనుకున్నాను. నా ల్యాబులో ఎవరో రెంటినీ కలిపేసి ఉంటారని అందరి మీదా అరిచాను. తర్వాత శీనాకు మొదట పరీక్ష చేసిన చెన్నై ల్యాబు వాళ్లను బతిమాలి, వాళ్లు దాచిన ట్యూబు నేరుగా ప్రసాద్‌కే పంపేలా చేశాను. అది నా ల్యాబు గడప కూడా తొక్కలేదు. దానిలోనూ అదే రాత. ఈసారి ప్రసాద్ విసుక్కోలేదు. "ఇన్నేళ్లు ఇది యాడ నిద్రపోయిందంటావ్?" అన్నాడు.

ఎండిన గచ్చు మీద ఇది కొన్ని నెలలు బతుకుతుంది. గొట్టంలో దాచితే తప్ప పదేళ్లు బతకడం నేను ఎక్కడా చదవలేదు. బతికిందే అనుకుందాం. తిరుపతి నుంచి చెన్నైకి పోయి, అన్ని లక్షల జనంలో నా తమ్ముడి కాలే ఎలా వెతుక్కుంది? నాకు భయం వేయలేదు. అంత చిన్న ప్రాణి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా తన రాతను కాపాడుకొని వచ్చిందంటే, నిజం చెబుతున్నాను, చేతులెత్తి మొక్కాలనిపించింది. నా తమ్ముణ్ణి చంపబోయిన దానికి మొక్కాలనిపించడమేమిటని నా మీద నాకే కోపం కూడా వచ్చింది.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది నేను ఏ సైన్సు పత్రికకో రాసుకునేదాన్ని.

శీనా మళ్లీ ఉద్యోగానికి బయల్దేరిన రోజు బస్టాండుకు నేనే తీసుకెళ్లాను. కొంచెం కుంటుతున్నాడు గానీ తన కాళ్ల మీద తనే నడిచి బస్సెక్కాడు. కిటికీ దగ్గర కూర్చొని, "సరే, పోతా ఉండానక్కా" అన్నాడు. నాకు మండింది. అంత గండం గడిచినవాడు అనాల్సిన మాటా అది? "పోయొస్తా అనరా" అని కసిరాను.

వాడు నవ్వాడు. "నేనూ ఇట్నే చెప్పినానక్కా ఆ తాతకి."

ఏ తాత అన్నాను.

"ఆస్పత్రిలో నా పక్కన ఉండినాడే, ఎడమచెవి చీలిపోయి. జొరం దిగిన పొద్దు లేచి నిలబడి, 'పోతా ఉండా అబ్బోడా' అన్నాడు. 'అట్లనగూడదు తాతా, పోయొస్తా అనాల' అన్నాను. 'ఈడ అనగూడదంట నాయనా, పోయినసారి నోరుజారి అన్నాను, సిస్టరమ్మ తిట్టినాది' అన్నాడు."

బస్సు కదిలింది. శీనా చెయ్యి ఊపాడు. "పోయొస్తా, పోయొస్తా, సాలా?" అని నవ్వుతూ అరిచాడు.

మునస్వామి ఇంటికెళ్లిన నాటికి శీనా మదనపల్లెలో హాస్టల్లో చదువుకుంటున్నాడు. ఆసుపత్రి కబుర్లు నేను ఇంట్లో చెప్పను, అమ్మకు గిట్టదు. రాజేశ్వరి సిస్టరు పెళ్లయి కువైట్ వెళ్లిపోయి, శీనా ఆసుపత్రిలో చేరేనాటికే చాలా ఏళ్లు. ఎప్పుడో ఏ నిద్రమత్తులోనో నేనే వాడికి చెప్పి మరిచిపోయానేమోనని ఎంతో గింజుకున్నాను. ఒకవేళ చెప్పినా నలభై లక్షల అక్షరాల సంగతి అలాగే మిగిలిపోతుంది.

ఆ తర్వాత ఆ జరీ అంచు మా ల్యాబులో మళ్లీ కనబడలేదు. రోజూ పొద్దున ప్లేటు మూత తీసేటప్పుడు నా చెయ్యి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. సాయంత్రం పని ముగించి ల్యాబుకు తాళం వేసేటప్పుడు ఎవరితోనూ పోయొస్తా అనను.