గునుగు అంతస్తుల మీద రెండు పౌన్ల కేకు

నా చిన్నప్పుడు మేముండిన నాచారం వరుస ఇళ్ల నుంచి ఉప్పల్ చౌరస్తాకు నాలుగు కిలోమీటర్లు. మొదటి బస్సు ఉదయం ఆరుంబావుకు వచ్చేది. అది తప్పితే ఏడు దాటేవరకు మరొకటి లేదు. మా గోడకు ఆనుకున్న ఇంట్లోని అక్క పెళ్లికి పూలకు నూట ఎనభై, కేకుకు రెండు వందల నలభై, వెరసి నాలుగు వందల ఇరవై రూపాయలు అవుతుందని తేలింది. చేతిలో ఉన్నది అక్క తన కుట్టుకూలిలో మిగుల్చుకున్న నూట యాభై. ఆమె తండ్రి పనిచేసే ఫ్యాక్టరీకి తాళం పడి మూడు నెలలయింది. ఇక ఆ ఇంట్లో అమ్మకానికి పనికొచ్చే వస్తువు ఒక్కటే, అక్క కుట్టుమిషను.

ఆ మూడు నెలలూ ఇల్లు గడిచింది ఆ మిషను మీదే. మా వరుసలోని ఆడవాళ్ల రవికలన్నీ అక్క కుట్టినవే. ఉప్పల్ బజారులో పాత మిషన్లు కొనే వ్యాపారి ఒకాయన వచ్చి, చక్రం తిప్పి చూసి, నాలుగు వందలకు ఒప్పుకొని, శనివారం బండి తెస్తానని చెప్పి వెళ్లాడు. పెళ్లి తరువాతి గురువారం.

అక్క వాళ్లు వరంగల్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు. చర్చిలో పెళ్లి, పక్కనున్న హాలులో కేకు కోయడం. వరుడు సికింద్రాబాద్‌లో గుమాస్తా. అతని అన్న పెళ్లిలో మూడంతస్తుల కేకు పెట్టారట. తల్లి లేని పిల్లకు తండ్రి ఏమీ చేయలేదన్న మాట రాకూడదని మామకు పట్టుదల. అక్క తండ్రిని నేను మామ అనే పిలిచేదాన్ని. ఆయన చెడ్డవాడు కాదు. పని లేని మనిషికి పరువు మరీ బరువుగా తోస్తుందని ఇప్పుడు అర్థమవుతున్నది.

శుక్రవారం సాయంత్రం మా నాయనమ్మ తన రవిక కోసం వాళ్లింటికి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. అక్క తల ఎత్తకుండా మిషను తొక్కుతూనే ఉంది. రేపు మిషను పోతుంది కనుక ఒప్పుకున్న బట్టలన్నీ ఆ రాత్రికే కుట్టి ఇచ్చేయాలి. నాయనమ్మ విషయమంతా వింది. తరువాత మామను ఒక ప్రశ్న అడిగింది.

"కేకుల సూసేదెంత, తినేదెంత కొడుకా?"

మామకు అర్థం కాలేదు. నాయనమ్మ విడమరిచింది. నూట ఇరవై మంది వస్తారు, తలా ఒక ముక్క తింటారు. ఆ ముక్కకు ఐసింగు లేకపోయినా ఎవరూ అడగరు. కోసేటప్పుడు అందరూ చూసేది మాత్రం ఎత్తు. తినేదానికి తిండి ధర పెట్టాలి, చూసేదానికి కూడా తిండి ధరే ఎందుకు పెట్టాలి? పైన ఒక్క చిన్న కేకు నిజమైనది ఉంటే చాలు, కింది అంతస్తులు తాను పూలతో పేరుస్తానని చెప్పింది. ఏ పూలతో అని మామ అడిగాడు. గునుగు అంది.

గునుగు జొన్నచేలలో దానంతట అదే మొలిచే కలుపు. తెల్లగా, కొసన లేత గులాబీ రంగుతో, వెండి కుచ్చులా ఉంటుంది. తెలంగాణలో బతుకమ్మ పేర్చేది ప్రధానంగా దానితోనే. పండుగ అయిపోయి మూడు వారాలు దాటినా చేలలో ఇంకా నిలిచే ఉంటుంది.

"పెద్దమ్మా, అది ఎడ్లు మేసే గడ్డి. మగపెండ్లోళ్లు నవ్వరా?" అన్నాడు మామ.

"తొమ్మిది దినాలు ఊరు ఊరంత ఆ గడ్డి సుట్టే తిరిగె గదా. అప్పుడెవ్వలు నవ్వలే."

మిషను ఆగింది. అక్క దారం కొరికి, తండ్రి వైపు చూడకుండానే, "నవ్వితె నవ్వనియ్యి నాయినా. మిషన్ ఉంటె రేపు గాళ్ల జాకెట్లు గూడ నేనే కుడ్త" అంది. మామ లేచి బయటకు వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. శనివారం బండి వచ్చినప్పుడు దాన్ని ఖాళీగా పంపింది ఆయనే. ఏమి చెప్పి పంపాడో నాకు తెలియదు.

చర్చి పాస్టరుగారిని ముందే అడగాలని నాయనమ్మ పట్టుబట్టింది. ఆయన పూలకు అభ్యంతరమేముందన్నారు. నాయనమ్మ తనకు తానే ఒక హద్దు పెట్టుకుంది. పసుపు వాడకూడదు, గౌరమ్మను పెట్టకూడదు, రంగులు అద్దకూడదు. అది మన పూజ, ఇది వాళ్ల పెళ్లి, నేను తీసుకొనేది చేతిపని ఒక్కటే అని నాకు చెప్పింది.

మంగళవారం మొదటి బస్సులో ఉప్పల్ వెళ్లి, అక్కడి నుంచి నాగోలు వైపు మూసీ ఒడ్డు చేలకు నడిచాం. నేడు ఆ దారి మీదుగా మెట్రో పోతున్నది. అప్పుడు రెండు వైపులా జొన్న. నాయనమ్మ ఒక రైతును గునుగు కోసుకోవచ్చా అని అడిగితే, "కోసుడేంది, ఏర్లతోని పీక్కపోండ్రి. నాకు కలుపుకూలి మిగుల్తది" అన్నాడు. పక్క మడిలో తెల్ల చామంతి కిలో నాలుగు రూపాయల చొప్పున నాలుగు కిలోలు తీసుకున్నాం. పెళ్లిరోజు ఉదయం బజారులో కొంటే అదే పువ్వుకు మూడింతలు అడుగుతారు. గునుగు రెండు రోజులైనా వాడదు కనుకనే మంగళవారం కోయగలిగాం. పువ్వు ఎంపికలోనే సగం పొదుపు ఉంది.

బుధవారం మధ్యాహ్నం హాలులో పేర్చడం మొదలయింది. ఇత్తడి తాంబాళంలో ఆముదపాకులు పరిచి, గునుగు కాడలను ఒకే పొడవుకు కత్తిరించి, గుప్పెడేసి దారంతో కట్టి, పూలు బయటికి, కాడలు లోపలికి వచ్చేట్టు గుండ్రంగా ఒక్కో వరుస పేర్చింది. మామూలుగా నడుమ ఖాళీలో ఆకులు కూరుతారు. కాని ఆకుల మీద రెండు పౌన్ల కేకు పెడితే కుంగుతుంది. అందుకని నాయనమ్మ మా ఇంట్లో జొన్నపిండి పోసుకొనే అల్యూమినియం డబ్బాను కడిగి తెచ్చి, తాంబాళం నడుమ బోర్లించి, దాని చుట్టూ పూలు పేర్చింది. రెండు చోట్ల వరుసను లోపలికి జరిపి మూడంతస్తులు తేల్చింది. డబ్బా అడుగు మీద ఒక చెక్కపలక, దాని మీద కేకు. బయటి నుంచి డబ్బా ఏ మాత్రం కనిపించదు. అదక్కడ ఉన్నదని తెలిసినవాళ్లం ఇద్దరమే.

మర్నాడు ఉదయం చూస్తే పూలు ఒక అంగుళం కిందికి దిగాయి. నాయనమ్మ పలక మీద అరచేయి పెట్టి నొక్కి చూపించింది. పలక కదలలేదు. పూలు దిగినచోట మరొక వరుస చామంతి చేర్చింది, అంతే. చర్చి బెంచీల చివర అక్క దగ్గర మిగిలిన తెల్ల లైనింగు ముక్కలతో గునుగు గుత్తులు కట్టాం. అక్క చేతి గుత్తికి మాత్రం గులాబీలు కొన్నాం.

పెళ్లయి అందరూ హాలులోకి వచ్చారు. మగపెళ్లివారు కేకు ముందు ఆగిపోయారు. మామ నుదుటి చెమట తుడుచుకోవడం నాకు కనిపించింది. వరుడి మేనత్త, భువనగిరి వైపు పెద్దావిడ, దగ్గరికి వంగి ఒక పువ్వును వేలితో తాకింది.

"గిదేందే, బతుకమ్మ లెక్కున్నది?"

మా నాయనమ్మ ముందుకు వచ్చి, "పేర్చుడు గదే వదినా. పైనున్నది మీ కేకే" అంది.

ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. తిరుగుతూ తిరుగుతూ అలవాటుగా రెండు చేతులు దగ్గరికి తెచ్చి, చప్పట్లు కొట్టబోయి ఆపుకుంది. అది చూసి నాయనమ్మ నవ్వింది, ఆవిడా నవ్వింది. "మా పెద్దోడి పెండ్లిల కేకు బేకరోడు జేసిండు. పైసలిస్తె ఎవడన్న జేస్తడు. గిది పేర్చెటోళ్లు ఏడ దొర్కుతరు?" అని తనవాళ్లందరినీ పిలిచింది. వాళ్లు ఒకరి వెనుక ఒకరు వచ్చి చూశారు. మామ అప్పుడు కుర్చీలో కూర్చున్నాడు. ఉదయం నుంచి ఆయన కూర్చోవడం అదే మొదటిసారి.

అక్క, బావ కలిసి పైకేకు కోశారు. వెనుక గదిలో ముందే ముక్కలు చేసి ఉంచిన ఐసింగు లేని కేకును పళ్లాలలో తెచ్చి పంచాం. ఎనిమిది పౌన్లు, నూట ఇరవై ముక్కలు. అది ఏ కేకు ముక్క అని ఒక్కరూ అడగలేదు.

సాయంత్రం మా వరుసలోని ఆడవాళ్లు హాలు ఊడ్చారు. అంత అందంగా పేర్చిన గునుగును చెత్తలో వేయడానికి వాళ్లకు చేతులు రాలేదు. పేర్చిన పూలను నీళ్లలో వదలడమే వాళ్లకు తెలిసిన పద్ధతి. తాంబాళం ఎత్తుకొని నాచారం చెరువుకు నడిచి, పాట కూడా అందుకొని, పూలను నీళ్లలోకి జార్చి, ఖాళీ తాంబాళం జాగ్రత్తగా కడిగి తెచ్చారు.

"డబ్బా ఏదే?" అంది నాయనమ్మ.

"ఏ డబ్బా అవ్వా?"

"నడుమున్న డబ్బా."

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వారిలో ఒకామె నెమ్మదిగా, "గందుకేనా, గంత బరువున్నది? కేకు పెట్టిన పూలు గదా, నూనె పీల్చినయేమో అనుకున్నం" అంది. నాయనమ్మ గడప మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

మర్నాడు అక్క అత్తవారింటికి రిక్షాలో వెళ్లింది. స్టాండును వెనుక కట్టించి, మిషనును కాళ్ల దగ్గర పెట్టించుకొని, గుంతల్లో చక్రం కదలకుండా దారి పొడుగునా చేత్తో పట్టుకొనే కూర్చుందట.

నేను తరువాత ముప్పై ఏళ్లకు పైగా కట్టడాల నమూనాలు గీశాను. ఏ కాగితం ముందు కూర్చున్నా, ఇందులో చూసేదెంత, వాడేదెంత, బరువు మోసేది ఏది అని వేరు చేసుకున్నాకే లెక్క మొదలుపెట్టాను. ఆ అలవాటు ఏ కళాశాలా ఇచ్చింది కాదు. తన మతం కాని పెళ్లికి తన పండుగ పనితనాన్ని అరువిచ్చి, తన హద్దు తానే గీసుకొని, ఒక ఆడపిల్ల చేతిపని ఆమె చేతిలోనే నిలిపిన మా నాయనమ్మ ఇచ్చింది. ఆమెకు నా కృతజ్ఞత చెప్పే అవకాశం రాలేదు కనుక ఆ పెళ్లి లెక్కను ఇక్కడ రాస్తున్నాను.

పైకేకు ముప్పై ఎనిమిది రూపాయలు. ఐసింగు లేని కేకు డెబ్బై రెండు. చామంతి పదహారు. గులాబీలు, రిబ్బను పదకొండు. బస్సు ఛార్జీలు మూడు. గునుగుకు ఏమీ లేదు. మొత్తం నూట నలభై. అక్క చేతిలో మిగిలినవి పది రూపాయలు. నష్టం, అల్యూమినియం డబ్బా ఒకటి. మిషను అమ్మలేదు.