పళ్లచక్రం ముగ్గు

షాపు షట్టర్ పైకి లేవకముందే మాధురి ముగ్గు డబ్బా పట్టుకుని బయటికి వస్తుంది. మెట్ల కింద ఊడ్చి, నీళ్లు చల్లి, తడి ఆరేలోపు చుక్కలు పెడుతుంది. సరిహద్దు ఊరు కుంట బజారులో తెలుగువాళ్ల గుమ్మాల ముందు తామరలు, నెమళ్లు, మెలికలు కనిపిస్తాయి. మాధురి గుమ్మంలో ఒకరోజు అంచున పళ్లున్న చక్రం కనిపిస్తుంది. ఒకరోజు చేతిపంపు వాషరు, ఒకరోజు కుట్టుమిషను పిడి, ఇంకోరోజు పురుగుమందు పంపు మూత. అసలు వస్తువు ఎంతుంటే అంతే గీస్తుంది. సుక్మా బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఫోన్లతో ఫోటోలు తీసుకుంటారు. లోపల కాంటా పక్కన కూర్చునే బావగారు నరసింహులు అది చూసి మొహం చిట్లిస్తాడు. కానీ తొక్కడు, చెరపమని చెప్పడు. ఎందుకో బజారంతటికీ తెలుసు.

మాధురి పెరిగింది బచేలిలో. తండ్రి కాశయ్య శ్రీకాకుళం నుంచి వచ్చి ఇనుప గనుల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరాడు. కూతురు బొమ్మ అడిగితే పాత బేరింగు తెచ్చిచ్చేవాడు. ఆమె దంతెవాడ ఐటీఐలో ఫిట్టరు కోర్సే చదివింది. క్లాసులో ఒక్కతే ఆడపిల్ల. ఆ తర్వాత కుంటలో షాపున్న సంబంధం వచ్చింది. భర్త అరుణ్ మంచివాడు, అన్న ఎదుట నోరు లేనివాడు. పెళ్లయిన దగ్గర్నుంచి మాధురి చేతికి గరిటే తప్ప పానా తగల్లేదు.

ఒకరోజు ఫోనులో హిందీ వీడియో చూస్తుంటే ఒక యంత్రం కనబడింది. కంప్యూటరులో గీసిన గీత ప్రకారం చెక్కను దానంతట అదే కోస్తోంది. చేసినవాడెవరో దాని కొలతలూ, నడిపే ప్రోగ్రామూ, అన్నీ బయటపెట్టి, కావలసినవాళ్లు తీసుకోండి, ఇంకా మెరుగుచేస్తే మాకూ చెప్పండి అన్నాడు. అరుణ్‌కి నమ్మకం కలగలేదు. "ఊరికే ఎవరిస్తారు?" అన్నాడు.

"ఎదురింటావిడ ముగ్గు నచ్చితే చూసుకుని మర్నాడు మన గుమ్మంలో వేసుకోమూ? ఆవిడేమైనా డబ్బులడుగుతుందా?" అంది మాధురి.

బీరువా సొరుగుల పట్టాలు, జిరాక్స్ షాపువాడు మూలన పడేసిన ప్రింటర్ల మోటార్లు, అత్తగారి పాత మంచం చెక్కలు పోగేసింది. కొనక తప్పనివి ఒక పాత కంప్యూటరు, కొన్ని చిన్న సర్క్యూట్ బోర్డులు. కొరియరు కుంట దాకా రాదు గనక భద్రాచలంలో తెలిసినవాళ్లింటికి తెప్పించుకుంది. గోడౌన్ వెనక రేకుల గదిలో ముందు చెక్క కోసే యంత్రం, తర్వాత ప్లాస్టిక్ కరిగించి పొరలు పొరలుగా పోసే చిన్న యంత్రం నిలబడ్డాయి. నరసింహులు తొంగిచూసి, "ఏందమ్మా, మగ్గమా? చీరలు నేస్తవా?" అని నవ్వాడు. కొన్నాళ్లకు మిక్సీ చక్రం అరిగినవాళ్లూ, కుట్టుమిషను పిడి విరిగినవాళ్లూ రేకుల గదికి రావడం మొదలుపెట్టారు.

వాళ్ల వెనకే గంగే వచ్చింది. అడవి అంచు ఊరి దోర్ల తెగ మనిషి. ఏటా చింతపండు తెచ్చి ఈ షాపులోనే అమ్ముతుంది. గింజతో ఉన్న పండుకు ఒక ధర, గింజ తీసిన పండుకు అంతకంటే బాగా ఎక్కువ ధర. సుత్తితో కొట్టి గింజ తీస్తే వేళ్లు బొబ్బలెక్కుతాయి కాబట్టి గంగే ఊరివాళ్లు గింజతోనే అమ్మేస్తారు. గింజ తీయించి అమ్ముకునే లాభం షాపుది.

"ఏంది అక్కా, మనిషి లేకుండ కోస్తదా?"

"కోస్తుంది. నీకేం కావాలో చెప్పు."

గంగే రెండు చేతులూ చాపి చూపించింది. "ఇంకో రెండు చెయ్యి."

ఇద్దరూ కూర్చుని పిడి తిప్పే పెట్టె ఒకటి తయారుచేశారు. లోపల ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ తిరిగే రెండు పళ్లచక్రాలు. మొదటి జత ప్లాస్టిక్‌ది. రేకుల కింద వేడికి మధ్యాహ్నానికల్లా వాలిపోయింది. "అప్పడం లెక్క అయింది గద అక్కా! కారం చల్లుకొని తిందమా?" అంది గంగే. మర్నాడు ఇంట్లో విరిగిన నాగలి చెక్క మోసుకొచ్చింది. దాంతో కోసిన చక్రాలు నిలిచాయి. పిడి తిప్పితే గింజ ఒకవైపు, పండు ఒకవైపు పడింది. గంగే మళ్లీ మళ్లీ తిప్పింది. పండు అయిపోయాక ఖాళీ పెట్టెను కూడా తిప్పింది. వచ్చే సంతనాటికి ఊరికంతా చక్రాలు కోసిస్తానని మాధురి మాటిచ్చింది.

ఆ సాయంత్రం నరసింహులు కూడా పిడి తిప్పి చూశాడు. ఈసారి నవ్వలేదు.

"శభాష్ అమ్మా! ఇసొంటివి ఇంకిన్ని చెయ్యి, గోడౌన్ల పెడదాం. కానీ ఒక్క చక్రం బయటికి పోవద్దు. దాని బొమ్మ కూడ పోవద్దు."

"గంగేకి మాటిచ్చాను బావగారూ."

"వాళ్లింట్ల వాళ్లే గింజ తీసుకుంటే మనమేం అమ్ముకోవాలె, చింతాకా?"

"ఈ కొలతలు నాకు ఊరికే వచ్చాయి. తాళం వేసి దాచుకోమని ఎవరూ ఇవ్వలేదు."

"తాళం నేనేస్త. గది నాది, కరెంటు మీటరు నాది."

అన్నట్టే కంప్యూటరుతో సహా గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అరుణ్ గోడ వైపు చూస్తూ, "అన్న మాట..." అని గొణిగాడు.

"మీ అన్న మాట వినబడింది. మీదే వినబడలేదు," అంది మాధురి.

తెల్లారితే సంత, ఆ ఏటి చింతపండుకు మొదటి సంత. ఇప్పుడు చక్రాలు అందకపోతే ఈ ఏటి పంటంతా మళ్లీ గింజతోనే అమ్ముడుపోతుంది. గంగే ముందు తను అబద్ధాలమనిషి అవుతుంది. మాధురికి నిద్ర పట్టలేదు. పొద్దున్నే నరసింహులు స్నానం చేసి, కాంటాకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టే పనిలో ఉండగా ఆమె ముగ్గు డబ్బా తీసింది.

కంప్యూటరుకు తాళం పడింది గాని చేతికి పడలేదు. ఆ చక్రాన్ని ఎన్నోసార్లు గీసి, చెరిపి, మళ్లీ గీసిన చెయ్యి అది. ముందు చుక్కలు పెట్టింది, తర్వాత గీతలు కలిపింది. పెద్ద చక్రం, చిన్న చక్రం, పెట్టె పక్కలు, పిడి వంపు, ఇరుసు దూరే రంధ్రం. మెట్ల దగ్గర్నుంచి రోడ్డు దాకా ఉన్నదున్నట్టు కొలతకు కొలత పరిచేసింది.

చింతపండు బస్తాలతో ఆడవాళ్లు దిగారు. గంగే మాధురి మొహం చూసింది, తర్వాత నేల చూసింది.

"తాళమేసిండా?"

"వేశాడు. నువ్వు కొలుచుకో."

గంగే బస్తా దించి, దాని కుట్టులోంచి పురికొస లాగి, పంటికీ పంటికీ మధ్య పెట్టి ముడులు వేయసాగింది. ఇంకొకామె వెదురుబద్ద విరిచింది. మరొకామె బొగ్గుతో ఖాళీ గోనెసంచి మీద గీసుకుంది. నరసింహులు బయటికొచ్చాడు.

"ఏందిది? ఎవలన్న తుడువుండ్రి!"

"తుడిచెయ్యమంటారా బావగారూ? ఇంకా బోణీ కాలేదు."

ఆయన ముందుకేసిన కాలు వెనక్కి తీసుకున్నాడు. బోణీ కాకముందు గుమ్మంలో ముగ్గు చెరిపితే ఏడాది వ్యాపారం చెరిగిపోతుందని ఆయన పట్టింపు. తండ్రి నుంచి వచ్చిన పట్టింపు. పనిమనుషుల్ని దానికోసం ఎన్నిసార్లు తిట్టాడో మాధురికి తెలుసు.

"గంగే! బస్తా ఎక్కియ్యి కాంటా మీదికి!"

"ఆగు సావుకారీ. పనిల ఉన్న."

ఒక్క బస్తా కదల్లేదు. ఎండ మెట్లెక్కింది. "ధర పెంచుత! ఎవలన్న ఒక్క కిలో అమ్ముండ్రి, చాలు!" అన్నాడు నరసింహులు. పక్క షాపులోంచి ఎవరో, "నీ షాపుల నువ్వే కొనుక్కో, బోణీ అయితది!" అని అరిచారు. బజారు గొల్లుమంది.

అప్పుడు అరుణ్ లోపల్నుంచి వచ్చాడు. అమ్మకానికి పెట్టిన కొలత టేపుల్లోంచి ఒకటి విప్పి గంగే చేతిలో పెట్టాడు. అన్న వైపు చూడలేదు.

కొలతలన్నీ అయ్యాకే గంగే బస్తా కాంటా ఎక్కింది. నరసింహులు స్వయంగా బకెట్టు నీళ్లు కుమ్మరించాడు. చక్రాలు అప్పటికే గోనెసంచుల మీద ఊళ్లకు బయల్దేరాయి.

"రేపు కూడ వేస్తవా?" అన్నాడు నరసింహులు సాయంత్రం.

"రోజూ వేస్తాను."

ఆయన విసిరిన తాళంచెవి గచ్చు మీద ఖంగుమంది. "నీ సామాను నా గదిల ఉండొద్దు."

"ఉండదు," అంది మాధురి. తను బిగించిన బోల్టులే గనక తనే విప్పింది. సంత నుంచి తిరిగిపోయే ట్రాక్టరు మీద యంత్రాలు గంగే ఊరికి వెళ్లాయి. వాళ్లు పశువుల కొట్టం ఖాళీ చేసి, అలికి, కరెంటు తీగ లాగి ఇచ్చారు. ఊళ్లలో రంపంతో కోసుకున్న చక్రాలు కొన్ని తిరిగాయి, కొన్నింటి పళ్లు విరిగాయి. చక్రం విరిగినవాళ్లు కొట్టానికి వచ్చి మళ్లీ కోయించుకున్నారు. ఇర్మె అనే ముసలామె చేత్తో తిప్పలేక పెట్టెకు సైకిలు పెడలు తగిలించింది. మర్నాడు షాపు ముందు పెడలు ముగ్గు పడింది.

మాధురి ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటుంది. బావగారికి పొద్దున టీ ఆమే ఇస్తుంది. ముగ్గు వేశాక జీపెక్కి గంగే ఊరికి పనికి వెళ్తుంది.