నాలుగు మంచి పళ్ళు

చిన్నప్పుడు అమ్మ ముద్ద పెట్టడం మానేశాక నా నోట్లో పరాయి చెయ్యి పడింది ఆ ఒక్కరోజే. అదీ ఒక చెయ్యా! ఒకడి వేలు చుట్ట కంపు, ఒకడిది వెల్లుల్లి, ఒకడిది రమ్ము. ఇంకొకడు అత్తరు పూసుకొచ్చాడు, అన్నిటికన్నా అదే అసహ్యం. చేతులు కడుక్కోవడానికి పళ్ళెంలో నీళ్ళు పెట్టుకున్నారు గానీ, మొదటివాడు కడిగిన నీళ్ళలోనే మిగతావాళ్ళూ ముంచారు. ఛీ!

అప్పుడు మేం ఈ చెరుకు దీవిలోనే బెల్ ఎయిర్ రివియేర్ సెష్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మా ఆయనా నేనూ చెరుకు తోటలో పనికి వెళ్ళేవాళ్ళం. ఎడమవైపు కింది పన్ను ఒకటి పుచ్చి, నా చెంప బూరెలా పొంగింది. ఒళ్ళు కాలిపోయే జ్వరం, మెతుకు దిగదు. సరిగ్గా అప్పుడే మా కూలీల మీద పెత్తనం చేసే తోట సర్దారు ఓ కబురు తెచ్చాడు. ఫ్రాన్సు నుంచి పెద్ద పళ్ళ డాక్టరు ఓడ దిగాడట. పట్నంలో ఏళ్ళ తరబడి పళ్ళు పీకుతున్న డాక్టర్లకే పైచదువు చెబుతాడట. దవడ మొద్దుబార్చి, చిగురు కోసి, వేరుతో సహా నొప్పి తెలియకుండా తీసే విద్య అది. పంటి నొప్పి ఉన్నవాళ్ళు వెళితే వైద్యం ఊరికే చేస్తారట.

"ఇన్నేళ్ళు పీకినోళ్ళకి మళ్ళీ బడేటి మావా? అంటే ఇన్నాళ్ళూ పని రాకుండానే పీకేరా?" అన్నాను.

"నీకన్నీ ఎకసెక్కాలే. పెద్దోళ్ళు, సదువుకున్నోళ్ళు. పద" అన్నాడు మా ఆయన.

ఆయన నోట్లో నాలుక లేని మనిషి. తెల్లదొర కనబడితే చాలు టోపీ తీస్తాడు, ఏమడిగినా "వుయ్ మిస్యే", అంటే సరే దొరా, అంటాడు. దొర గుర్రానిక్కూడా బొంజూర్ చెబుతాడని మా ఆడబిడ్డ వెక్కిరించేది.

రైలెక్కి పట్నానికి, పోర్ట్‌లూయీకి, వెళ్ళాం. మేడమీద ఒక గది. కుర్చీ పక్కన బకెట్లో నాకు ముందు వచ్చినావిడ ఉమ్మిన నెత్తురు అలాగే ఉంది, దాని మీద ఈగలు. నన్ను కూర్చోబెట్టి, నోరు మూతపడకుండా దవడల మధ్య రబ్బరు ముక్క దూర్చారు. అది అప్పటికే తడిగా ఉంది. ఆవిడ ఎంగిలి! ఓలమ్మో అందామంటే మాట రాదు. ఇక సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు మొదలెట్టారు. మీసాలు నెరిసిన డాక్టర్లు, బొజ్జలు పెరిగిన డాక్టర్లు, ముందు నేనంటే నేనని తోసుకున్నారు.

వాళ్ళలో వాళ్ళు ఫ్రెంచిలో మాట్లాడుకున్నారు. మా ఇళ్ళలో నడిచేది ఫ్రెంచిలోంచే పుట్టిన క్రియోల్ భాష, అది వచ్చినవాళ్ళకు ఫ్రెంచి చాలావరకు తెలిసిపోతుంది. ఆ సంగతి ఆ మహానుభావులకు తట్టలేదు.

"పుచ్చింది ఒక్కటే" అన్నాడు పెద్ద డాక్టరు. "అది నేను తీసి చూపిస్తాను. మీరు నలుగురు గనక, గట్టి పళ్ళు నాలుగు తలా ఒకటి తీసి నేర్చుకోండి. ఈ కూలీలకు నలభై దాటితే ఎలాగూ పళ్ళుండవు."

మా అమ్మ ఇలాగే ఒక పన్ను కోసం వెళితే నోరంతా ఖాళీ చేసి పంపారు. నడివయసులోనే గంజి తాగుతూ, మనిషి కనబడితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటూ బతికింది. పెళ్ళికి పిలిచినా భోజనానికి కూర్చునేది కాదు. నాకింకా ముప్పై నిండలేదు.

పెద్ద డాక్టరు నన్నడగలేదు. గోడకానుకుని నిలబడ్డ మా ఆయన్ని అడిగాడు, సమ్మతమేనా అని. వాళ్ళన్నది మా ఆయనకూ తెలిసింది, మొహం పాలిపోయింది. అయినా "వుయ్ మిస్యే" అన్నాడు.

ఆ వేళ్ళన్నిటికన్నా ఆ మాటే నాకు ఎక్కువ రోత పుట్టించింది. రబ్బరు ముక్క పీకి బకెట్లో పడేసి లేచాను. "ఎవరి పళ్ళకి ఎవరు వుయ్ అంటారు మావా? నీ అబ్బ సొమ్మా?" అని అరిచాను.

పెద్ద డాక్టరు గడియారం చూసుకున్నాడు. ఆ నాలుగూ ఇవ్వకపోతే పుచ్చినదీ తీయనన్నాడు. ఇంకో మనిషిని పిలవమన్నాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం! చెంప పట్టుకుని మెట్ల దాకా వెళ్ళి వెనక్కి చూస్తే, మా ఆయన ఆ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"నావి తీసుకోండి మిస్యే. దానిది ఆ ఒక్కటీ తీసీండి" అంటున్నాడు.

పరుగెత్తి వెళ్ళి భుజం పట్టి లాగాను. "పిచ్చెక్కిందా? లే మావా!"

"ఊరుకోయే. ఒళ్ళు పేలిపోతంది నీకు. ఏటైనా అయితే నానేటి సేసుకోను?" అన్నాడు.

వాళ్ళకు ఏ నోరైతేనేం, ఒప్పుకున్నారు. ముగ్గురు బాగానే తీశారు. నాలుగోవాడు సూదిమందు పట్టకుండానే పట్టకారు వేసి, పన్ను విరగ్గొట్టి, వేరు కోసం దవడ తవ్వాడు. మా ఆయన కాళ్ళు టపటపా కొట్టుకుంటుంటే పెద్ద డాక్టరు పక్కన నిలబడి మణికట్టు ఎలా తిప్పాలో పాఠం చెబుతున్నాడు. మనుషులేనా వీళ్ళు! తర్వాత పెద్ద డాక్టరు నా పన్ను తీశాడు. చీమ కుట్టినట్టయినా అనిపించలేదు, అబద్ధం చెప్పకూడదు. అంత హాయిగా తీయగలిగినవాడు దానికి బేరం పెట్టాడే అని మరింత ఒళ్ళు మండింది.

రైల్లో ఇద్దరం దూది కుక్కుకుని కూర్చున్నాం. ఆయన్ని తిట్టాలనుంది, చెయ్యి పట్టుకుని ఏడవాలనీ ఉంది. ఏడ్చాను. ఆ దవడ మళ్ళీ బాగుపడలేదు. మా ఇంట్లో గంజి తాగే వంతు ఆయనకొచ్చింది.

కొన్నేళ్ళకు ఆ నాలుగోవాడే మా బజార్లో గది తెరిచాడు. పైచదువు చదివినట్టు తలుపు మీద ఇత్తడి పలక కూడా కొట్టించుకున్నాడు. దవడ చీము పట్టి, వేరే దారి లేక, మా ఆయన్ని అక్కడికే తీసుకెళ్ళాను. మమ్మల్ని గుర్తుపట్టలేదు. నోట్లోకి తొంగి చూసి మొహం చిట్లించాడు.

"ఇదేం పని! ఏ కసాయివాడు పీకాడు ఇలా?" అన్నాడు.

మా ఆయన నావంక చూశాడు. "గుర్తులేదు మిస్యే" అన్నాడు మెల్లగా.

మా తోటల్లో తెల్లదొరను ఏకవచనంలో పిలిచిన ఆడదాన్ని నేను చూడలేదు.

"నువ్వే" అన్నాను.