టంకం పోసిన తీగలు

మొన్న ఉదయం మా అల్లుడు నిచ్చెనెక్కి, వంటగది పైకప్పు పలక తీసి, పాత అతుకులన్నీ కత్తిరించి, తీగ కొసను గుచ్చితే చాలు లోపలి స్ప్రింగే పట్టుకునే చిన్న ప్లాస్టిక్ కనెక్టర్లు బిగిస్తూ ఉంటే, నేను కింద నిలబడి ప్రతి తీగనూ లాగి చూడమని అతని ప్రాణం తీశాను. అల్లుడి తల్లి బర్మీయురాలు, మన తెలుగు అతనికి అర్థమవుతుంది గాని నోట రాదు, అంచేత నవ్వుతూ ఒక్కొక్కటీ లాగి చూపించాడు. కరెంటు రాగానే మా వీధంతా ‘మీ లాబీ’ అని, అంటే కరెంటొచ్చిందని, బర్మా భాషలో సంబరంగా కేకవేస్తుంది. నేను మాత్రం ఆ కేక వినగానే పైకప్పు వైపు తలెత్తి, ఎక్కడైనా చిటపట వినిపిస్తుందేమోనని చెవులు రిక్కిస్తాను. ఈ జబ్బు నాకు మా చిన్నాన్న దగ్గర అంటుకుంది.

చిన్నాన్న బోటాటౌంగ్ రేవులో గోదాముల వైరింగు చూసేవాడు, సెలవు రోజుల్లో మనవాళ్ల ఇళ్లల్లో పని చేసేవాడు. నేను అప్పుడే ఒక దినపత్రికలో చేరాను. ఊళ్లో ఎక్కడ నిప్పంటుకున్నా దాని గురించి రెండు వాక్యాలు రాయడం నా వంతు. ‘వైరు అతుకు వదులై’ అని రాయవలసి వచ్చినప్పుడల్లా, అది చిన్నాన్న చెయ్యి పడిన ఇల్లు కాదు కదా అని ముందు వీధి పేరు చూసుకునేవాణ్ణి.

అతుకంటే రెండు తీగలు మెలిపెట్టి నల్ల టేపు చుట్టడమేనన్న ఆ రోజులు మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. చిన్నాన్న ఓడల మీది ఎలక్ట్రీషియన్లతో స్నేహం చేసి, లోపల మరలున్న ప్లాస్టిక్ టోపీలు సంపాదించి, తీగలు కలిపి వాటి మీద పెట్టి బిగుసుకునేదాకా తిప్పేవాడు. తిప్పాక ఆ ఇంటి ఇల్లాలిని పిలిచి, ఆమె చేతనే తీగ లాగించి, అది రాకపోతేనే టీ తాగేవాడు. ఏళ్ల తరబడి తిప్పి తిప్పి బొటనవేలి కీలు వాచిపోయిన సమయంలో, ఒక ఓడ మనిషి అతనికి గుచ్చే రకం కనెక్టర్లు ఒక సంచీడు ఇచ్చాడు. చిన్నాన్నకు స్వర్గం దొరికినట్టయింది.

అయితే అవి లావుపాటి ఒంటి తీగ కోసం చేసినవి. మనకు దొరికేది సన్నటి పోగుల తీగ; గుచ్చబోతే పోగులు వెంట్రుకల్లా వంగిపోయేవి. చిన్నాన్న ఆ పోగుల కొసకు టంకం పోసి, పుల్లలా బిరుసెక్కించి గుచ్చాడు. అతను లాగినా రాలేదు, ఇల్లాళ్లు లాగినా రాలేదు. ఆ ఏడాదంతా ఎక్కడ పని దొరికితే అక్కడ అలాగే గుచ్చుకుంటూ పోయాడు, మన చర్చి పైకప్పుతో సహా.

ఒక మధ్యాహ్నం చర్చిలో ఆడవాళ్లు పాటలు సాధన చేస్తున్నారు. పిన్నిని ఇంటికి తీసుకువెళ్లడానికి మేమిద్దరం వచ్చాం. దీపం వణికింది. చిన్నాన్న మెయిన్ తీసేసి నిచ్చెనెక్కి చెయ్యి పెట్టాడో లేదో, కదిలిన పన్నులా తీగ ఊడి అతని వేళ్లలోకి వచ్చింది. కనెక్టరు మూతి కమిలిపోయి ఉంది. స్ప్రింగు ఒత్తిడికి, వేడికి టంకం నెలల తరబడి నలిగి నలిగి పట్టు జారిందని అతనికి ఎవరూ చెప్పలేదు; దాన్ని అరచేతిలో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాక తనంతట తానే గ్రహించాడు. గుచ్చిన రోజున గట్టిగానే ఉంది, ఆ సంగతే అతన్ని ఎక్కువ భయపెట్టింది. అతను అలా గుచ్చి వచ్చినవన్నీ గోడకు గోడ ఆనుకున్న కర్ర ఇళ్లు.

ఇంటికి వచ్చాక పిన్ని ఊరుకోలేదు.

“ఏటి, ఇంటింటికీ ఎల్లి నాను తప్పు సేసినానని సెప్పుకుంతావా? నీ టముకు నువ్వే ఏసుకుంతే రేపు నిన్నెవుడు పిలుత్తాడు?”

“పిలవడానికి ముందు ఆల్లకి ఇల్లుండాల గదే,” అన్నాడు చిన్నాన్న. నా వైపు తిరిగి, “ఏరా పేపరోడా, నువ్వూ రా. నాను మర్సిపోయిన ఇల్లు నువ్వు గుర్తుసెయ్యి,” అన్నాడు.

వారాల తరబడి తిరిగాం. ప్రతి గుమ్మంలోనూ తన తప్పు చెప్పుకుని, అన్నీ పీకేసి, టంకం పోసిన కొసలు కోసేసి, వాచిన బొటనవేలితోనే మళ్లీ టోపీలు తిప్పాడు. కొందరు టీ ఇచ్చారు. ఒక ముసలాయన మాత్రం, “ఓడ సామాను మా ఇంట్లో ఎట్టి, మమ్మల్ని సముద్రంలో ముంచుదామనుకున్నావేటి?” అని వీధి వినేలా అన్నాడు. చిన్నాన్న తల వంచుకుని పని చేసుకుపోయాడు.

ఒక్క ఇల్లు మిగిలిపోయింది, సేక్కాన్ పేటలో. పని చేయించుకున్న కుటుంబం ఏటి అవతలి ట్వంటే ఊరికి వెళ్లిపోగా కొత్తవాళ్లు దిగారు. మీ నెత్తి మీద ప్రమాదం ఉంది, పైకప్పు తీయనివ్వండి అని ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి అంటే ఎవరు తీయనిస్తారు? చిన్నాన్న పడవెక్కి ట్వంటే వెళ్లి పాతవాళ్ల చేత ఉత్తరం కూడా రాయించి తెచ్చాడు. తమ మనిషి చేత చూపించుకుంటామని తలుపు వేసుకున్నారు. చూపించుకున్నారో లేదో మాకు ఎన్నటికీ తెలియలేదు.

ఆనాటి నుంచి చిన్నాన్న రేవు పని ముగించుకుని తిన్నగా ఇంటికి రావడం మానేశాడు. సేక్కాన్ మీదుగా చుట్టు తిరిగి, ఆ సందులో నడిచి, ఇల్లు నిలబడి ఉందని చూసుకుని వచ్చేవాడు. పిన్ని వడ్డించిన అన్నం చల్లారిపోయేది. నేను ఆఫీసులో అగ్నిప్రమాదం కాగితం చేతికి రాగానే సేక్కాన్ పేరు కోసం వెతికేవాణ్ణి. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లూ అతను ఆ దారి మానలేదు.

అతను పోయిన చాలా ఏళ్లకు, ఆ ఇంటిని పడగొడుతున్నారని తెలిసి వెళ్లి చూశాను. పలకలు ఒక్కొక్కటీ కిందికి దిగుతుంటే నా గుండెల మీది బరువూ దిగింది. ఆ కబురు చెప్పడానికి మాత్రం చిన్నాన్న లేడు. ఇప్పుడు పోగుల తీగనైనా గట్టిగా పట్టుకునే కనెక్టర్లు వచ్చాయి, పని నిమిషాల మీద అయిపోతోంది, మంచిదే. కాని పొద్దంతా రేవులో పనిచేసిన మనిషి, తనెవరో తెలియని వాళ్లు సుఖంగా ఉన్నారో లేదో చూసుకోవడానికి రోజూ అంత దూరం నడవడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.