పెద్ద తెర మీద అమ్మ కేక

మాది మైదుకూరు దగ్గర చేనేత ఇల్లు. మా ఇంట్లో తొలి డిగ్రీ నాదే! ఉద్యోగంలో చేరిన కొత్తలో, కంపెనీ డేటా పట్టికల్లో ఏ పట్టికలో ఏముందో చెప్పే పాత డేటా క్యాటలాగ్‌లోని వివరణలను కొత్తదానిలోకి తెచ్చే కనెక్టర్ అనే ప్రోగ్రాం రాసే పని నాకిచ్చారు. అది కుదిరితేనే ఉద్యోగం ఖాయం.

పరీక్షకని పాత క్యాటలాగ్‌లో ఒక పట్టికకు, మగ్గం మీద కూర్చుని అమ్మ పిల్లలను అదిలించే మాటే వివరణగా రాశాను. తర్వాత చెరపడం మరిచాను. అందరి ముందూ కొత్త క్యాటలాగ్ తెరిస్తే పెద్ద తెర మీద అదే కనబడింది: "నూలు తొక్కితే కాళ్లిరగ్గొడతా, అవతలికి పోండ్రా!"

ఉద్యోగం పోయిందనుకున్నాను. వేంపల్లె మనిషైన మా మేనేజరు పడీపడీ నవ్వాడు. "అచ్చరం పోకుండా వచ్చిండాది గదమ్మా! నీ కనెక్టర్ శానా బాగా పనిచేస్తాండాది."

సాయంత్రానికి ఉద్యోగం ఖాయమైంది. ఫోన్ చేసి చెబితే, అమ్మ మగ్గం ఆపి విన్నది. పని మధ్యలో అమ్మ మగ్గం ఆపడం నేనెరిగి అదొక్కసారే.