బొట్టు పెట్టిన బీరువా

బెజవాడ పటమటలో నేను పనిచేసిన స్కూల్లో లైబ్రరీ చూసే మాస్టారికి ఒక అలవాటుండేది. పుస్తకం తిరిగిచ్చిన ప్రతి పిల్లనీ, "ఇందులోవాళ్ళు ఏ నీళ్ళు తాగుతారే?" అని అడిగేవారు. ఆఫ్రికా కథైనా, జపాను కథైనా అదే ప్రశ్న.

ఓసారి ఏడో తరగతి పిల్ల, "ఏటి నీళ్ళేనండీ. పై ఊరివాళ్ళు అందులో చెత్త పోస్తారు, మనం బందరు కాలవలో పోసినట్టే," అంది. ఆయన ఆ పిల్ల చేతిలో ఇంకో రెండు పుస్తకాలు పెట్టారు.

తొంభైల చివర్లో ఆ గదిని ఎంసెట్ కోచింగుకి తీసుకున్నారు. "మీ నీళ్ళ ప్రశ్న ఎంసెట్‌లో రాదు కదండీ మాస్టారూ," అని కరస్పాండెంటు నవ్వాడు. పుస్తకాలన్నీ బీరువాలోకెక్కించి తాళం వేశారు.

దసరా సెలవుల ముందు సరస్వతీ పూజ చేసి, ఆ బీరువాకే పసుపు రాసి బొట్టు పెట్టారు.

"దండాలు తర్వాత పెట్టుకుందురుగానీ, ముందు తాళం తీయండి. పిల్లలు చదువుకుంటారు," అన్నారు మాస్టారు.

"పూజ రోజు పుస్తకం తెరవకూడదండీ," అన్నాడు కరస్పాండెంటు.

"మరి మిగతా రోజులు?"

కరస్పాండెంటు హారతి వెలిగించాడు. ఆ బీరువా తెరిచి ఉండగా నేను మళ్ళీ చూడలేదు. మూఢాచారాల మీద సభల్లో గంటలకొద్దీ మాట్లాడే నేను, ఆ రోజు ఆయన పక్కనే నిలబడి ప్రసాదం పులిహోర తిన్నాను.