పసుపెక్కిన ఊదా రాయి

అమలాపురంలో మాది నగల పని. ఆడపిల్లకి నిప్పు దగ్గర పనేమిటని చుట్టాలు ఎంత మొత్తుకున్నా వినకుండా నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నాను. చేయి తిరిగిందని పొగరు కూడా ఉండేది. ఆ పొగరే ఒకసారి నా కొంప ముంచింది.

రాజోలు వైపు నుంచి ఒక కొత్త కోడలు ఉంగరం వదులైందని తెచ్చింది. గల్ఫ్ వెళ్తూ మొగుడు తొడిగి వెళ్లిన ఉంగరం. జాతకం చూపించి, నీలానికి బదులు ఊదా రాయి పెట్టించారట. ఉంగరం కాస్త కోసి, మంటతో అతుకు పెట్టేముందు రాయి ఊడదీయాలి. పెళ్లిళ్ల రోజులు, బద్ధకించాను. రాయికి తడిగుడ్డ చుట్టి మంట పెట్టాను. గుడ్డ ఎప్పుడు ఆరిపోయిందో చూసుకోలేదు. రాయి వెలిసి కాస్త పసుపు తిరిగినట్టు అనిపించినా నోరు మెదపకుండా ఇచ్చేశాను. చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

పది రోజులు తిరక్కుండా అక్కడ ఆ మొగుడు పనిలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇక్కడ అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని ఉంగరం వంక ఇంటిల్లిపాదీ చూశారు. ఊదా పోయి పసుపు రంగు! ఇంకేముంది, కోడలి పాదం మంచిది కాదన్నారు. కొడుకు ఇంటికి వచ్చేలోగా ఆమెను పుట్టింటికి పంపేయాలని అత్తగారు తీర్మానించేసింది. ఆ పిల్ల దుకాణానికి వచ్చి ఏడుస్తూ ఇదంతా చెప్పింది.

నాకు ఒళ్లు మండిపోయింది, ముందు నా మీదే. మనం ఒప్పుకుంటే రేపు మన దగ్గరికి నగ ఎవరు తెస్తారని నాన్న గొణిగాడు. తేకపోతే పోనీ అన్నాను.

నా ఉంగరంలోని ఊదా రాయి ఊడబీకి, బంగారం కరిగించే మూస, ఇసుక, గ్యాస్ టార్చి సంచిలో వేసుకుని ఆ పిల్ల వెంట వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద అందరి ముందూ కూర్చున్నాను. ఒక్కసారిగా వేడి తగిలితే రాయి పగిలిపోతుంది కాబట్టి మూసలో ఇసుక పోసి, అందులో పాతి నెమ్మదిగా కాల్చాను. తీసి చూస్తే ముందు ఏ రంగూ లేనట్టే ఉంది. చల్లారేకొద్దీ పసుపెక్కింది. లోపల వెంట్రుకంత పగులు కూడా వచ్చింది. తీసుకెళ్లి అత్తగారి అరచేతిలో పెట్టాను.

"చూడండి. దీనికి మొగుడూ లేడు, జాతకమూ లేదు. నిప్పు తగిలితే ఊదా రాయి ఇలాగే అవుతుందండి. తప్పు చేసింది నేను, మీ కోడలు కాదు."

ఆవిడ కోడలి వేలి ఉంగరం తీయించుకుని రెండు రాళ్లూ పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఆయ్, అయితే అబ్బాయొచ్చేలోపు కొత్త రాయి వేసిచ్చేయమ్మా. వాడికివన్నీ తెలియడమెందుకు."

సరేనని చేయి చాపాను. ఆ పిల్ల నాకంటే ముందు ఉంగరం అందుకుంది.

"వద్దండీ అత్తయ్యగారూ. ఇదే ఉంచుకుంటాను. ఆయనొచ్చేక రాయి సంగతి నేనే చెబుతాను. మీరన్న మాటలతో సహా."

ఉంగరం వేలికి తొడుక్కుని లోపలికి నడిచింది. గుమ్మంలో నిలబడ్డ అత్తగారు పక్కకి తప్పుకుంది.